సాక్షిని విన్న జడ్జే తీర్పు రాయాలి

మున్సిఫ్ కోర్టుకు, అంటే ఇప్పటి జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకు, వచ్చే ప్రామిసరీ నోటు దావా చూడటానికి సాదాసీదా వ్యాజ్యం. నోటు మీద సంతకం తనది కాదని ప్రతివాది అంటాడు, నా కళ్లముందే పెట్టాడని సాక్షి అంటాడు. డబ్బు అరుగు మీద ఇచ్చారా, ఇంట్లో ఇచ్చారా, అప్పుడు ఇంకా ఎవరున్నారు అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగినప్పుడు, ఆ సాక్షి ఒక్క క్షణం వాది ముఖం వైపు చూసి ఆ తర్వాతే జవాబు చెబుతాడు. స్టెనో టైపు చేసేది ఆ జవాబును మాత్రమే. ఆ చూపు జడ్జికి తప్ప ఇంకెక్కడా నమోదు కాదు. సాక్షి తీరుతెన్నులను జడ్జి రాసిపెట్టుకోవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 12వ రూలు చెబుతున్నా, ఉదయం కాల్ వర్క్‌లోనే పదుల కొద్దీ కేసులు పిలవవలసిన కోర్టులో అందుకు తీరిక ఎక్కడిది?

సాక్షిని స్వయంగా చూసి, విన్నాడన్న కారణంతోనే కిందికోర్టు జడ్జి నిర్ధారించిన వాస్తవాలను అప్పీలు కోర్టులు తేలిగ్గా తోసిపుచ్చవు. అయితే ఆ జడ్జి ఉద్యోగ జీవితాన్ని మనం మలచిన తీరు ఈ ఆధారాన్నే బలహీనపరుస్తోంది. సాధారణంగా మూడేళ్లకోసారి బదిలీ జరుగుతుంది, దావాలు మాత్రం అంతకంటే ఎక్కువ కాలం సాగుతాయి. ముందున్న జడ్జి నమోదు చేసిన సాక్ష్యం మీదే కొత్త జడ్జి విచారణ కొనసాగించడానికి సివిల్ కేసుల్లో 18వ ఆర్డరు 15వ రూలు, క్రిమినల్ కేసుల్లో సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 365వ సెక్షన్ వీలు కల్పిస్తున్నాయి. అవసరమైతే క్రిమినల్ కేసులో సాక్షిని మళ్లీ పిలవవచ్చు కానీ, పెండింగ్ భారం కింద నలిగే కోర్టుల్లో అది అరుదు. సివిల్ కేసుల్లో మరో మెట్టు దిగాం: 2002 నుంచి చీఫ్ ఎగ్జామినేషన్ (సాక్షిని పిలిచిన పక్షం రాబట్టే సాక్ష్యం) అఫిడవిట్ రూపంలోనే వస్తోంది, క్రాస్‌ను అడ్వొకేట్ కమిషనర్, అంటే కోర్టు నియమించిన న్యాయవాది, నమోదు చేసే అవకాశమూ ఉంది. అంటే సాక్షి ముఖం చూడకుండానే జడ్జి తీర్పు రాసే పరిస్థితి చట్టబద్ధంగానే ఏర్పడింది.

ఈ ఉద్యోగం గురించి ఇటీవల జరిగిన చర్చంతా ప్రవేశ అర్హత చుట్టూనే తిరిగింది. న్యాయవాదిగా మూడేళ్ల అనుభవం అక్కర్లేదని 2002లో తేల్చిన సుప్రీంకోర్టు, 2025 మే 20న ఆ నిబంధనను పునరుద్ధరించింది. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే, ఎందుకంటే క్రాస్ చేసిన అనుభవం ఉన్నవారికి సాక్షి తడబాటుకు భయం కారణమో అబద్ధం కారణమో కొంతైనా తెలుస్తుంది. సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి ఫాతిమా బీవీ 1950లో న్యాయవాదిగా నమోదై, 1958లో కేరళలో మున్సిఫ్‌గా చేరి, 1974లో జిల్లా జడ్జి, 1983లో హైకోర్టు న్యాయమూర్తి అయి, 1989లో సుప్రీంకోర్టుకు చేరారు. అయితే అంత ఎత్తుకు వెళ్లేవారు బహు కొద్దిమంది. మిగిలినవారి పనికి విలువ రావలసింది పైమెట్టు ఎక్కినందుకు కాదు, సాక్షి బోను ఎదుట గడిపిన ఏళ్లకు.

ఆ ఏళ్లు ఎలా గడుస్తాయో బయటివారికి పెద్దగా తెలియదు. అరెస్టయిన మనిషిని 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతున్నందున, మెజిస్ట్రేటు బాధ్యత కూడా చూసే జూనియర్ సివిల్ జడ్జి ఇంటి ముందు ఏ రాత్రి వేళయినా పోలీసు వాహనం ఆగవచ్చు. రిమాండ్ రిపోర్టు చదివి, దెబ్బలేమైనా ఉన్నాయా అని ముద్దాయిని అడిగి, ఆ నిలువుకాళ్ల విచారణలోనే ఒక మనిషి స్వేచ్ఛ గురించి నిర్ణయం తీసుకోవాలి. తెల్లవారితే మళ్లీ బెంచి ఎక్కి, నెల తిరిగేసరికి చూపవలసిన డిస్పోజల్ యూనిట్ల (ముగించిన కేసులకు జడ్జికి పడే మార్కుల) లెక్క చూసుకోవాలి. రాజీతోనో, ప్రతివాది రానందున ఎక్స్‌పార్టీగానో ముగిసే కేసులు త్వరగా తెములుతాయి, పదిమంది సాక్షులున్న పాత పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావా ముట్టుకుంటే నెలలు పడుతుంది. కాబట్టి కష్టమైన కేసు వెనక్కి జరగడం, తర్వాత వచ్చే జడ్జికి వారసత్వంగా మిగలడం సహజమైపోయింది. ఇందుకు వ్యక్తులను తప్పుపట్టడం అన్యాయం. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలు ఉండాలని లా కమిషన్ 1987లోనే సిఫారసు చేసింది. దేశం ఇప్పటికీ అందులో సగానికి కూడా చేరలేదు.

జడ్జీల సంఖ్య పెరిగేదాకా ఆగకుండానే చేయగలిగిన పనులున్నాయి. రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం కిందికోర్టులపై అజమాయిషీ హైకోర్టులదే. ముఖ్య సాక్షుల క్రాస్ పూర్తయిన కేసుల జాబితాను బదిలీకి ముందే తెప్పించుకుని, అవి ముగిసేదాకా ఆ జడ్జిని రిలీవ్ చేయకుండా ఆపవచ్చు. పూర్తి విచారణతో తీర్పు వెలువడిన పాత దావాకు మరిన్ని యూనిట్లు ఇవ్వవచ్చు. ముద్దాయి తరఫు న్యాయవాది సమక్షంలో సాక్ష్యాన్ని ఆడియో, వీడియోలో నమోదు చేయడానికి క్రిమినల్ కేసుల్లో చట్టం ఇప్పటికే అనుమతిస్తోంది. కనీసం తీవ్ర నేరాలు విచారించే సెషన్స్ కేసుల్లో దాన్ని తప్పనిసరి చేస్తే, బదిలీపై వచ్చిన జడ్జి కూడా డిపోజిషన్ (సాక్షి వాంగ్మూలం) కాగితాలతో సరిపెట్టుకోకుండా సాక్షి జవాబు చెప్పే ముందు ఎవరి వైపు చూశాడో తానే చూసుకోగలుగుతారు.