బాడుగ పెంచే ముందు కొళాయి తిప్పి చూడండి

వేసవి వచ్చిందంటే అనంతపురంలో సాయినగర్, రామ్‌నగర్ వీధుల్లో గేట్లకు టులెట్ బోర్డులు కనిపిస్తాయి. బదిలీ మీద వచ్చే ఉద్యోగులు, పిల్లల చదువుల కోసం పల్లెలు వదిలి వచ్చే కుటుంబాలు ఇళ్లు వెతుక్కునేది అప్పుడే. చాలామంది ఓనర్లు ముందు గోడకు కొత్త రంగు వేయించి, బాడుగ ఇంకో 500 పెంచి కూర్చుంటారు. ఆ డబ్బు ముందుగా ఖర్చు పెట్టాల్సింది గోడ మీద కాదని నా అభిప్రాయం.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది నీళ్ల సంగతే. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇలాంటి ఊళ్లో మే నెలలో బోరు ఎంతసేపు పోస్తుంది, సంపు ఎంత పెద్దది, ట్యాంకు ఎప్పుడు కడిగించారు అన్నవే అసలు ప్రశ్నలు. అనుభవం ఉన్నవాళ్లు నేరుగా బాత్రూంలోకి వెళ్లి షవర్ చూస్తారు. ఉప్పు నీళ్లకు సగం రంధ్రాలు పూడిపోయి, కొళాయి మూతి చుట్టూ తెల్లటి పొర గట్టిపడి ఉంటే గీజర్ లోపల కాయిల్ ఎలా ఉంటుందో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఓనరు ఆ ఇంటివైపు తొంగి చూసి ఎన్నాళ్లయిందో కూడా తెలిసిపోతుంది. హాల్లో రంగు ఎంత బాగున్నా "ఆలోచించి చెప్తాం సార్" అని వెళ్లిపోతారు.

పై అంతస్తయితే ఎండ ఇంకో సమస్య. మిద్దె మీద కూల్ రూఫ్ పెయింట్, అదీ కుదరకపోతే తెల్ల సున్నం వేయించినా గదుల్లో వేడి కొంత తగ్గుతుంది. పగుళ్లు కూడా అప్పుడే పూడ్పిస్తే వానాకాలంలో గోడలకు నెమ్ము రాదు.

లెక్క వేసి చూడండి. 9 వేలు వచ్చే ఇంటికి 500 పెంచితే ఏడాదికి అదనంగా వచ్చేది 6 వేలు. అందుకని ఉన్నవాళ్లు ఖాళీ చేసి, ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉన్నా పోయేది 9 వేలు. పైగా కొత్తవాళ్లు వచ్చే ముందు మళ్లీ సున్నాలు, రిపేర్లు. మరమ్మతుకు డబ్బు ఎక్కడిదంటారు కొందరు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, ఓనరు కట్టిన మున్సిపల్ పన్ను పోగా మిగిలిన బాడుగలో 30 శాతాన్ని ఏ బిల్లూ చూపకుండా పన్ను పడే ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. అందులో కొంతైనా తిరిగి ఇంటి మీద పెట్టడం న్యాయం.

మంచివాళ్లు కావాలని కోరుకునే ఓనర్లు గేటు దగ్గరే కులం, తిండి అడుగుతారు. నాకు ఇది బాధ కలిగించే విషయం. నెల నెలా బాడుగ కడతారా, ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటారా అన్నది ఆ జవాబులతో తేలదు. పని చేసేచోట కనుక్కోండి, ఇంతకుముందు ఉన్న ఇంటి ఓనరుకు ఫోన్ చేయండి. వచ్చాక మోటరు కాలిందని వాళ్లు ఫోన్ చేస్తే "చూద్దాంలే" అనకుండా అదే రోజు మెకానిక్‌ను పంపండి. అలాంటి ఓనరును వదులుకుని వెళ్లడానికి ఎవరూ తొందరపడరు.

ఏ రిపేరు ఎవరిదన్న గొడవకు కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో మంచి దారి ఉంది. గోడలకు సున్నం, తలుపులకు రంగు, పైపులు, కరెంటు వైరింగ్ ఓనరు చూసుకోవాలి. కొళాయి వాషర్లు, స్విచ్చులు, కాలువ శుభ్రం చేయించడం బాడుగకు ఉన్నవాళ్ల పని. ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల బాడుగ మించకూడదని కూడా అందులో ఉంది. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకునేటప్పుడు ఈ పంపకాన్ని నాలుగు లైన్లలో చేర్చి, ఇద్దరూ సంతకం పెట్టి చెరో కాపీ ఉంచుకోవచ్చు.