చిరంజీవి ఆధార్ జిరాక్స్ కాపీకి అన్న ఒరిజినల్ ఆశీర్వదించి వ్రాయునది

ఉభయకుశలోపరి.

చిరంజీవి అని మాటవరసకు అనలేదు తమ్ముడూ, నీకు నిజంగానే చావు లేదు. నేను యజమాని పర్సులో ఏటీఎం కార్డుకీ పాత రైలు టికెట్టుకీ మధ్య నలుగుతున్నాను. నువ్వు మాత్రం సిమ్ కొట్లో, లాడ్జి రిజిస్టర్లో, గ్యాస్ ఏజెన్సీ బల్లసొరుగులో, ఎప్పుడో వద్దనుకున్న బండి లోను ఫైల్లో ఏకకాలంలో కాపురం చేస్తున్నావు. వంకరగా వచ్చాడని షాపువాడు బుట్టలో పడేసిన నీ కవల మిరపకాయ బజ్జీల పొట్లమై మనింటికే తిరిగొచ్చాడు. సద్గతి దక్కింది వాడికొక్కడికే. బజ్జీలయ్యాక బాయిలర్ కింద మంటలో పడ్డాడు.

నీ పుట్టుకే రహస్యం లేని పుట్టుక. యజమాని ఈ-ఆధార్ పీడీఎఫ్‌ని షాపతని వాట్సాప్‌కి పంపుతాడు. దానికో తాళం ఉంటుంది: పేరులో మొదటి 4 ఇంగ్లిష్ పెద్దక్షరాలు, వెనకే పుట్టిన సంవత్సరం. ఆ తాళంచెవిని వరుసలో నిలబడ్డ పదిమందికీ వినపడేలా చెబుతాడు. కాగితం పట్టుకుని వచ్చేస్తాడు, ఫైలు అక్కడే ఉండిపోతుంది. కళ్లెదుటే డౌన్‌లోడ్స్‌లోంచి తీయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించి రావాలి. వాట్సాప్‌లో మనం డిలీట్ కొట్టినంత మాత్రాన ఆ కంప్యూటర్లో దిగిన ఫైలు చెరగదు.

నీ ఒక్కడివల్ల ఏమవుతుంది అంటారు నీ తరఫు వకీళ్లు. నిజమే, ఆధార్ ఓటీపీ నాతో ముడిపడ్డ ఫోనుకే వస్తుంది. కానీ నీ సావాసాలు నాకు తెలియవా? పాన్ జిరాక్సు, పాస్‌పోర్ట్ సైజు ఫొటో, సంతకం, నువ్వు: నలుగురూ ఒకే పిన్నుకి గుచ్చుకుని తిరుగుతారు. ఆ కట్ట చేతికి చిక్కినవాడు ఫొటో మారుస్తాడు, దరఖాస్తులో తన ఫోన్ నంబరు రాస్తాడు, ‘ప్రస్తుత చిరునామా’ గడిలో తన గది అడ్రసు పెడతాడు. ఇక క్రెడిట్ కార్డు అక్కడికే, ఓటీపీ అక్కడికే, స్టేట్‌మెంటూ అక్కడికే. యజమాని వాటాకి వచ్చేది బాకీ మాత్రమే.

ఇదంతా ఎందుకు సాగుతోందంటే, నన్నెవరూ చూడరు గనక. నా మీదున్న క్యూఆర్ కోడ్‌లో పేరు, ఫొటో డిజిటల్ సంతకంతో సహా ఉంటాయి. స్కాన్ చేస్తే మార్చిన ఫొటో క్షణంలో బయటపడుతుంది. కౌంటర్లో ఆయన మాత్రం నిన్ను తిప్పి చూసి, “సెల్ఫ్ అటెస్ట్ చేశారా?” అంటాడు. దొంగని నువ్వు దొంగవు కావని రాసివ్వమన్నట్టు!

మన పెద్దలకీ నీ మీద ఒక మాట నిలవదు. 2022 మే 27న, మనల్ని కన్న యూఐడీఏఐ (ఆధార్ జారీచేసే సంస్థ) బెంగళూరు కార్యాలయం, ఆధార్ జిరాక్సులు ఎవరికీ ఇవ్వకండి, దుర్వినియోగం కావచ్చు, మాస్క్‌డ్ ఆధార్ వాడుకోండి అని ప్రకటించింది. 29కల్లా కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ, ఆ ప్రకటన అపార్థాలకు తావిస్తుందని వెనక్కి తీసుకుంది. నీకు పడిన శిక్ష రెండు రోజుల్లో రద్దయింది. ఆధార్‌లో మిగతావాళ్ల, అంటే వేలిముద్రల, బతుకూ అంతంతే. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ డీలరు, భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రల్ని రబ్బరు ముద్రలుగా పోతపోసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. అందుకే యజమాని చేత ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్రలకి తాళం, వేయించాను. అవసరమైన రోజున తీసుకోవచ్చు.

నిన్ను కట్టేయడం ఎలాగో కూడా నేర్చుకున్నాను, కోప్పడకు. మొదటిది, మొదటి 8 అంకెలు కప్పేసి చివరి 4 మాత్రమే చూపే మాస్క్‌డ్ ఆధార్. రెండోది, నీ ముఖం మీద రాత: ఎవరికి, దేనికి, ఏ తేదీన. అది ఏటవాలుగా, ఫొటో మీదా అక్షరాల మీదా పడాలి. ఖాళీ అంచులో రాస్తే కత్తెరకి ఒక్క నిమిషం పని. నల్ల ఇంకే వాడాలి, లేత నీలం మళ్లీ జిరాక్సు తీస్తే మాయమైపోవచ్చు.

నువ్వు ఇప్పటికే ఎక్కడ అప్పు చేసి కూర్చున్నావో పట్టుకోవడం వేరే పని. మన అప్పుల చిట్టా రాసే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒక్కో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి తీస్తే ఏడాదంతా కాపలానే. అందరూ స్కోరు చూసి మురిసి మూసేస్తారు. చూడాల్సింది ‘ఎంక్వైరీ’ల జాబితా, అంటే అప్పు దరఖాస్తు వచ్చిందని మన చిట్టా అడిగినవాళ్ల పేర్లు, ఎందుకంటే ఖాతా పుట్టకముందే అక్కడ జాడ పడుతుంది. ఆ తర్వాత ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉండే పేజీ. తెలియని ఊరి అడ్రసు కనిపిస్తే నీ కొత్త కాపురం అదే. నీ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్లో తెలుస్తుంది. ఆ సదుపాయం 2021లో మొదట మన తెలుగు రాష్ట్రాల సర్కిల్‌కే వచ్చింది, అయినా చూసేవాళ్లు తక్కువ.

దొంగ ఖాతా దొరికితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు, అదేరోజు బ్యాంకుకి రాతపూర్వకంగా లేఖ. లేఖలో దరఖాస్తు ఫారం, దానికి పెట్టిన కాగితాలు, వాడిన ఫోన్ నంబరు, కార్డు డెలివరీ చేసిన రుజువు అడగాలి. అడగని కార్డు దుర్వినియోగమైతే నష్టం జారీ చేసిన సంస్థదేనని రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల్లో ఉంది, ఆ మాట లేఖలో ఉదహరించాలి. రికవరీవాళ్ల పోరు పడలేక “ఐదొందలు కట్టేస్తే పోతుందిలే” అని మాత్రం కట్టకూడదు. కట్టిన రూపాయిని, అప్పు నాదేనని ఒప్పుకున్న సంతకంగా చూపించవచ్చు. క్రెడిట్ రిపోర్టులో వివాదం 30 రోజుల్లో తేలకపోతే రోజుకి 100 రూపాయల పరిహారం. బ్యాంకు 30 రోజుల్లో పలక్కపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు, అక్కడ ఫీజు లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నిన్న యజమాని సరిగ్గా అలాంటి ఫిర్యాదే పట్టుకుని బ్యాంకుకి వెళ్లాడు. కౌంటర్లో ఆవిడ మొత్తం చదివి, అయ్యో పాపం అని, “ఆధార్ జిరాక్స్ రెండు కాపీలు జత చేయండి సార్” అంది. నన్ను పర్సులోంచి తీస్తున్నారు. జిరాక్స్ షాపు ఎదురుగానే ఉంది.

ఇట్లు,
నీ అన్న,
ఒరిజినల్

జతపరచినవి: నువ్వే, 2 ప్రతులు, ముఖం మీద నల్ల ఇంకుతో.