గాదె నిండుగానే ఉంది, పొయ్యిలో పిల్లే లేవడం లేదు

గుంటూరులో లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) రిపోర్టు చేతికి రాగానే చూపు పోయేది ఎల్‌డీఎల్ మీదికి, ట్రైగ్లిజరైడ్ల మీదికి. అంకె ఎక్కువుంటే టెన్షన్. నార్మలయితే ఆ సాయంత్రమే బజ్జీల బండి. కొవ్వంటే రక్తనాళానికి అడ్డుపడే చెత్త అన్నది మన లెక్క. తప్పు కాదు గానీ, సగం లెక్కే.

గుండె కండరానికి అసలు తిండే కొవ్వు. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకోవడానికి కావాల్సిన శక్తిలో సగానికి పైగా కొవ్వు ఆమ్లాలను కాల్చే తెచ్చుకుంటుంది. వెంటనే వాడని కొవ్వును కణంలోనే చిన్న బొట్లుగా దాస్తుంది. మిర్చి యార్డులో తిరిగినవారికి ఇది కొత్త సంగతేం కాదు. ఆ రోజు అమ్ముడుపోని సరుకు ఏసీకి వెళుతుంది (కోల్డ్ స్టోరేజీని ఇక్కడ అలాగే అంటారు). సరుకు లోపల ఉండటం నష్టం కాదు, కావాల్సిన నాడు బయటికి రాకపోతేనే నష్టం.

గుండెలో ఆ సరుకును బయటికి తీసే మొదటి చెయ్యి ఏటీజీఎల్ అనే ఎంజైమ్. 2004లో దీన్ని గుర్తించారు. అది లేని ఎలుకల గుండెల్లో కొవ్వు పేరుకుపోయి, పంపింగ్ దెబ్బతిని, కొన్ని నెలలకే చచ్చిపోయాయని 2006లో తేలింది. 2011 నాటి పరిశోధన ఇంకా ఆసక్తికరం. బొట్టు కరిగితే వచ్చే కొవ్వు ఆమ్లాలు వంటచెరకు మాత్రమే కాదు, పొయ్యి వెలిగించమనే కబురు కూడానట. ఏటీజీఎల్ లేని ఎలుకల గుండెల్లో ఆ కబురు అందకపోయేసరికి కణంలో శక్తిని తయారుచేసే పొయ్యిలు, అంటే మైటోకాండ్రియా, చతికిలబడ్డాయి. మనుషుల్లో ఈ ఎంజైమ్ లోపం చాలా అరుదు.

మనకు దగ్గరి ముప్పు షుగర్. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు గుండెకు కాల్చగలిగినదానికంటే ఎక్కువ కొవ్వు వచ్చి పడుతుంది. బొట్టులో భద్రంగా ఇమడని మిగులు సెరమైడ్ల వంటి హానిచేసే కొవ్వు పదార్థాలుగా మారి కణాన్ని దెబ్బతీస్తుంది. అంటే బొట్టు ఒక రకంగా రక్షణే. వ్యాయామంతో గట్టిపడిన కండరంలో కూడా బొట్లుంటాయి, కాకపోతే అక్కడ సరుకు నిలవ ఉండదు, వస్తూ పోతూ ఉంటుంది.

గుండె రక్తనాళాల్లో చెప్పుకోదగ్గ అడ్డంకులు లేకుండానే షుగర్ రోగుల గుండె బలహీనపడుతుందని 1972లోనే వైద్యులు రాశారు. అయినా యాంజియోగ్రామ్‌లో ‘బ్లాకులు లేవు’ అనగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుని ఫైలు మూసేస్తారు. నాకు అభ్యంతరం అక్కడే. గుండె కండరంలోని కొవ్వును ప్రత్యేక ఎంఆర్ స్కానింగ్‌తో కొలవచ్చు గానీ, అది మామూలు చెకప్ ప్యాకేజీల్లో ఉండదు. పదేళ్లుగా షుగర్ ఉండి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, కనీసం ఎకో (గుండె అల్ట్రాసౌండ్) పరీక్షలో గుండె ఎలా ముడుచుకుంటోందన్నదే కాదు, ఎలా సడలుతోందో కూడా డాక్టరును అడగాలి.