సాక్ష్యంలో తన్ను తాను తిట్టుకోవడం దీనత్వమేనా?

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఏ క్రైస్తవ సంఘంలోనైనా స్త్రీల ప్రార్థన కూటమిలో కూర్చుని నాలుగు సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందు చెప్పుకునే మాటలు, వినండి. "ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అన్నాక వచ్చే మాట దాదాపు ఒకటే: "నేను చదువు లేనిదాన్ని, ఎందుకూ పనికిరానిదాన్ని, అయినా దేవుడు నన్ను..." ఆ మాట అనేటప్పుడు తల వంగుతుంది, కొంగు నోటికి అడ్డం వస్తుంది. వినేవాళ్ళు "స్తోత్రం" అంటారు. ఆ స్తోత్రం దేవుడు చేసిన మేలుకా, ఆమె తన్ను తాను తిట్టుకున్నందుకా? మన కూటముల్లో ఈ రెండూ కలిసిపోయాయి. వాటిని విడదీయకుండా "దేవుడి దృష్టిలో నువ్వు అమూల్యం" అని ఎన్ని ప్రసంగాలు చేసినా ఇంటికి చేరేసరికి ఆవిరైపోతున్నాయి.

ఒప్పుకోలు వేరు, సిగ్గు వేరు. ఒప్పుకోలుకు పేరుంటుంది: తోడికోడలి మీద లేనిపోనిది చెప్పాను, చీటీ డబ్బు ఎగ్గొట్టాను. దానికి క్షమాపణ ఉంది, దిద్దుబాటు ఉంది, అక్కడితో తీరిపోతుంది. సిగ్గుకు అలాంటి పేరుండదు. నల్లగా పుట్టినందుకు, ఆడపిల్లలనే కన్నందుకు, మొగుడు పోయినందుకు, ఫలానా వీధిలో పుట్టినందుకు కుంగిపోతుంది. వీటిలో ఒక్కటీ పాపం కాదు కాబట్టే ఎన్నిసార్లు ఒప్పుకున్నా మనసు తేలికపడదు. కూటమి నడిపే అక్క "ఏం చేశావమ్మా?" అని మెల్లగా అడిగితే తేడా తెలిసిపోతుంది. జవాబు వస్తే అది ఒప్పుకోలు. "ఏమోనక్కా, నా బతుకే అంత" అంటే అది సిగ్గు.

ఈ సిగ్గు ఊరి చూపులోంచి కూడా వస్తుంది. గుడి ఊరైన తిరుపతిలో బొట్టు పెట్టుకోని క్రైస్తవ స్త్రీ అద్దె ఇల్లు అడగబోతే ముందు చూసేది నుదురే. భర్త బతికే ఉన్నా సరే, పేరంటంలో కుంకుమ భరిణె ఆమె దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి పక్కకు వెళ్ళిపోతుంది. పేర్ల సంగతి ఇంకా లోతైనది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. అందువల్ల ఎన్నో దళిత కుటుంబాల్లో ఆడపిల్లకు బడి రికార్డులో ఒక హిందూ పేరు, బాప్తిస్మంలో ఇంకొకటి. వేదిక మీద నుంచి దీన్ని అబద్ధమని ఖండించడం తేలిక. దేవుడు నన్ను ఏ పేరుతో పిలుస్తాడని ఆ పిల్ల లోలోపల అడుగుతూనే ఉంటుంది. ఆ ప్రశ్నకు సంఘం దగ్గర ఓపికైన జవాబు ఉండాలి.

ఇక వాక్యం దగ్గరికి వద్దాం. స్త్రీల ప్రసంగం అనగానే బైబిలులో సామెతల గ్రంథం 31వ అధ్యాయం తీస్తారు. "గుణవతియైన భార్య దొరుకుట అరుదు" అన్న దగ్గర మొదలై అది తెల్లవారక ముందే లేవాలి, దీపం ఆరకూడదు అనే పనుల చిట్టాగా ముగుస్తుంది. అక్కడ హెబ్రీలో ఉన్న మాట "ఎషెత్ హయిల్". హయిల్ అంటే బలం, పరాక్రమం, సైన్యం. న్యాయాధిపతులు 6:12లో ఇశ్రాయేలు నాయకుడు గిద్యోనుకు అదే మాట వాడితే మన బైబిలులో "పరాక్రమముగల బలాఢ్యుడా" అని వచ్చింది. ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి "గుణవతి" అయింది. అదే ఎషెత్ హయిల్ రూతు 3:11లో "యోగ్యురాలవు" అని కనిపిస్తుంది. పొలం యజమాని బోయజు ఆ మాట అన్ననాటికి రూతు ఎవరు? విధవరాలు, పరదేశి, పిల్లలు లేనిది, పొలంలో పరిగె ఏరుకునేది. ఒక రోజు ఏరి దుళ్ళగొట్టిన యవలు దాదాపు ఒక ఏఫా, అంటే ఇరవై లీటర్ల డబ్బా నిండేటంత. మొగుడూ లేడు, పిల్లలూ లేరు, అయినా ఆ బిరుదు ఆమెకు వచ్చింది. వేరుశనగ చేలో పరిగె ఏరిన వాళ్ళకు ఈ అధ్యాయం ఒక్కసారి నెమ్మదిగా చదివి వినిపిస్తే చాలు, వివరణ పెద్దగా అక్కర్లేదు.

ఆదికాండము 2:18లోని "సాటియైన సహాయము" కూడా అంతే. "సహాయము" అనగానే చేతి కింద మనిషి అనుకుంటాం. అక్కడి హెబ్రీ మాట "ఎజెర్". 121వ కీర్తనలో "యెహోవావలననే నాకు సహాయము కలుగును" అన్నప్పుడు వాడింది అదే.

దేవుడి చూపుతో తన్ను తాను చూసుకోవడం నేర్పడానికి ఆరు నుంచి ఎనిమిది మంది, ఆరు వారాలు, వారానికి గంటంబావు సరిపోతాయి. పల్లెల్లో సాయంత్రం పాలు పితికే వేళ పెట్టకండి, సగం మంది రారు, వచ్చినవాళ్ళ మనసు పాల కేంద్రం మీదే ఉంటుంది. హాగరుతో (ఆదికాండము 16) మొదలుపెట్టాలి. ఆమె పారిపోయిన దాసి, బయటి మనిషి. అయినా "చూచుచున్న దేవుడవు నీవే" అని దేవుడికి పేరు పెట్టింది. తర్వాత యాకోబు ప్రేమించని భార్య లేయా, పిల్లలు లేక ఏడ్చిన హన్నా, రూతు, మార్కు 5లో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ, చివర లూకా 13లో పద్దెనిమిదేళ్ళు నడుము వంగిపోయిన స్త్రీ. భాగాన్ని రెండుసార్లు చదవాలి, ఒకసారి పాత అనువాదంలో, ఒకసారి వాడుక భాషలో. చదవడం రానివాళ్ళు ఉంటే ఫోన్‌లో ఆడియో బైబిలు పెట్టాలి. అప్పుడు చదువు వచ్చినామె ఒక్కతే మాట్లాడే పరిస్థితి రాదు. ప్రశ్నలు మూడే: చుట్టుపక్కలవాళ్ళు ఈమెను ఏమన్నారు? ఆమె తన్ను తాను ఏమనుకుంది? దేవుడు ఏం చూశాడు?

లేయా దగ్గర తొందరపడకూడదు. "లేయా ద్వేషింపబడుట యెహోవా చూచి" అని వాక్యమే చెబుతోంది. మొదటి ముగ్గురు కొడుకులు పుట్టినప్పుడు ఆమె ఆశంతా మొగుడి మీదే: ఇప్పుడైనా ప్రేమిస్తాడు, ఇప్పుడైనా హత్తుకుంటాడు. నాలుగోవాడు యూదా పుట్టినప్పుడు "ఈ సారి యెహోవాను స్తుతించెదను" అంది. చాలా ప్రసంగాలు ఇక్కడ ఆగిపోతాయి. ఆదికాండము ముప్ఫయ్యో అధ్యాయం కూడా చదవండి. ఆరో కొడుకు పుట్టాక ఆమె మళ్ళీ మొగుడు తనతో కాపురం చేస్తాడన్న ఆశకే వెళ్ళింది. చూపు ఒక్కసారితో మారిపోదు. ఈ సంగతి చెప్పకపోతే రెండో వారంలో సంతోషించిన స్త్రీ నాలుగో వారంలో పాత దిగులు తిరిగొచ్చిందని, తనకు విశ్వాసమే లేదని అనుకుంటుంది.

ఈ కూటములు చెడేది ఎక్కువగా మూడు చోట్ల. ఒకటి, లోపల చెప్పుకున్న మాట ప్రార్థన మనవి పేరుతో మర్నాటికి వీధంతా తెలిసిపోవడం. మొదటి రోజే ఒప్పందం చేసుకోవాలి, ఒక్కసారి తప్పినా దాన్ని ఊరుకోకూడదు. రెండు, "నువ్వు రాజు కుమార్తెవు, మంచి ఇల్లు, మంచి కారు వస్తాయి" అనే బోధ. అది రానప్పుడు ఆమె మునుపటికన్నా లోతుగా కుంగుతుంది. మూడోది ప్రాణం మీదికి తెచ్చేది: ఒంటి మీద దెబ్బలతో వచ్చినామెకు "లోబడి ఉండమ్మా, ప్రార్థన చెయ్యి" అని చెప్పి పంపడం. ఆమె దేవుని స్వరూపమని నమ్మితే ఆ దెబ్బ ఎవరి స్వరూపం మీద పడిందో ఆలోచించాలి. మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181. గృహహింస నుంచి స్త్రీలను కాపాడే చట్టం 2005లో వచ్చింది. ఈ రెండూ కూటమి నడిపేవాళ్ళకు నోటికి రావాలి. నిద్ర పట్టక, తిండి సయించక, చావాలనిపిస్తోందనే వాళ్ళకు ప్రార్థనతో పాటు వైద్యుడు కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. 1918లో పక్కనున్న వేలూరులో మిషనరీ వైద్యురాలు ఐడా స్కడర్ ఆడవాళ్ళ కోసం వైద్య పాఠశాల పెట్టింది విశ్వాసంతోనే.

2013లో నంద్యాలలో ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘానికి (సి.ఎస్.ఐ.) తొలి మహిళా బిషప్ అయ్యారు. అదే రాయలసీమలో చాలా స్త్రీల కూటములు ముగింపు ప్రార్థనకు ఇప్పటికీ ఒక బ్రదర్ కోసం ఎదురుచూస్తున్నాయి. ఆరో వారం ముగింపు ప్రార్థన అందరికన్నా తక్కువ మాట్లాడిన స్త్రీ చేత చేయించండి. తడబడితే తడబడనివ్వండి, మధ్యలో అందుకోకండి.

ఇంకొక్క చిన్న పని, ఇది మొదటి రోజే చేయాలి. హాజరు పుస్తకంలో "జాన్ వాళ్ళమ్మ", "మేస్త్రీ ఇంటావిడ" అని రాసే అలవాటు మానండి. ఒక్కొక్కరినీ అడిగి ఆమె పేరు రాయండి. రెండు పేర్లు చెబితే రెండూ రాసి, ఏ పేరుతో పిలవమంటారో ఆమెనే అడగండి.