సైనికుడికి మనం చెప్పే కృతజ్ఞత ఎవరి కోసం?

నల్లగొండ పట్టణంలో 2021 జనవరి నుంచి ప్రతి ఉదయం 8.30కి ప్రధాన కూడళ్లలో జనగణమన వినిపిస్తుంది. ఆటోలు ఆగుతాయి, బడికి వెళ్లే పిల్లలు ఉన్నచోటే నిలబడతారు, కూరగాయల బండి దగ్గర బేరం కాసేపు ఆగిపోతుంది. అంతా కలిపి 52 సెకన్లు. బయటి నుంచి వచ్చినవారిలో కొందరు ముచ్చటపడతారు, కొందరు నొసలు చిట్లిస్తారు. నాకైతే ఇందులో తప్పేమీ కనిపించదు. అయితే ఇలాంటి గౌరవాలన్నిటికీ ఒక గుణముంది. ఎవరి కోసం చేస్తున్నామో వారికి ఏం చేరిందో తెలియదు గానీ, చేసినవారికి మాత్రం అక్కడికక్కడే తృప్తి దక్కుతుంది. సైనికులకు, మాజీ సైనికులకు మనం ధన్యవాదాలు చెప్పాలా అన్న చర్చలో నన్ను ఇబ్బంది పెట్టేది ఆ తృప్తే.

దారిన పోయే సైనికుడిని ఆపి ‘మీ సేవకు ధన్యవాదాలు’ అని చెప్పడం అమెరికా అలవాటు. అక్కడ 1973లో నిర్బంధ సైనిక నియామకం ముగిసింది. ఆ తర్వాత సైన్యంలోకి బిడ్డలను పంపే కుటుంబాలు తగ్గిపోయాయి, మిగతావారికి యుద్ధం టీవీలో వచ్చే వార్త అయింది. వియత్నాం నుంచి తిరిగొచ్చినవారిని సరిగా చూసుకోలేదన్న బాధ కూడా తోడై, 2001 సెప్టెంబరు దాడుల తర్వాత విమానాశ్రయాల్లో, దుకాణాల్లో ఆ మాట మర్యాదగా స్థిరపడింది. అక్కడి మాజీ సైనికుల్లోనే కొందరికి అది మింగుడు పడదు. తాము ఎక్కడికి వెళ్లామో, ఏం చేశామో అడగకుండా దేనికి ధన్యవాదాలు అన్నది వారి ప్రశ్న. ఇప్పుడు అదే మర్యాద వాట్సాప్ స్టేటస్‌ల మీదుగా మన మండల కేంద్రాలకూ వచ్చింది.

మన పల్లెల్లో సైనికుడు ముక్కూముఖం తెలియనివాడేమీ కాదు. దేవరకొండలోనో అచ్చంపేటలోనో సెలవు మీద వచ్చిన జవాను బస్సు దిగితే, ఎదురుపడిన మొదటి మనిషి అడిగేది ‘ఎన్ని రోజుల సెలవు?’ అని. ఆ వెంటనే ‘ఇప్పుడు ఎక్కడ వేశారు?’ అంటారు. (క్యాంటీన్ నుంచి ఏమైనా తెచ్చాడా అన్న మూడో ప్రశ్న చీకటి పడ్డాక వస్తుంది.) ఆ రెండు ప్రశ్నల్లో అతను ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో తెలుసుకోవాలన్న ఆరా ఉంది. వట్టి ధన్యవాదంలో అది లేదు.

జీతం తీసుకుని చేసే ఉద్యోగానికి ధన్యవాదాలేమిటి అనేవారూ ఉన్నారు. వారి మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. నల్లగొండకు కృష్ణా నీళ్లు తేవడానికి శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం తవ్వుతున్నారు. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద 2025 ఫిబ్రవరి 22న అది లోపల కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్‌ల నుంచి వచ్చినవారు. వారిని వెతకడానికి సైన్యమూ వచ్చింది, సింగరేణి రెస్క్యూ సిబ్బందీ వచ్చారు. నెల గడిచేసరికి బయటికి తెచ్చింది రెండు మృతదేహాలే. మన పొలాలకు నీళ్లివ్వబోయి, ఎక్కడో పుట్టి ఇక్కడి మట్టిలో కలిసిపోయిన ఆ మనుషుల కోసం ఏ కూడలిలో ఎన్ని సెకన్లు నిలబడ్డాం? దేశమంతా తిరిగి డ్యాములు కట్టిన పాలమూరు కూలీల కుటుంబాలకు ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. ప్రాణాపాయమే కొలమానమైతే సైనికుడి కంటే ముందు వరసలో నిలబడాల్సినవారు చాలామందే ఉన్నారు.

అయినా సైనికుడికి, సొరంగం కూలీకి మధ్య ఒక తేడా ఉంది. పైకప్పు నుంచి నీరు ఊరుతోందని, ఇక లోపలికి వెళ్లనని కూలీ అనగలడు. ఆకలి అతన్ని అననివ్వకపోవచ్చు గానీ చట్టం అడ్డుపడదు. సైనికుడు ఆ మాట అంటే కోర్టు మార్షల్. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తానని, ఎందుకని అడగనని సంతకం చేసి వెళ్లినవాడు అతను. కాబట్టి ఆ ‘ఎందుకు’ అనేదాన్ని అతని తరఫున అడగాల్సిన పని మనకు మిగిలింది. నా దృష్టిలో పౌరులు సైనికుడికి పడిన అసలు బాకీ ఇదే. ధన్యవాదాలతో ఆ బాకీ తీరిపోయిందనుకోవడం దగ్గరే తేడా వస్తోంది.

పంపినవారిని, వెళ్లినవారిని విడివిడిగా చూడటం ఈ జిల్లాకు ఎవరో నేర్పాల్సిన పని లేదు. 1948 సెప్టెంబరులో విజయవాడ వైపు నుంచి యూనియన్ సైన్యం సూర్యాపేట మీదుగా హైదరాబాద్‌కు కదిలింది. రజాకార్ల పీడ వదిలిందని జనం ఊపిరి పీల్చుకున్నారు. కొద్ది కాలానికే, జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక పాలనలో, అదే సైన్యం కమ్యూనిస్టుల నాయకత్వంలోని సంఘం పల్లెల మీదికి మళ్లింది. క్యాంపులు, అరెస్టులు, కాల్పులు 1951 అక్టోబరులో సాయుధ పోరాట విరమణ దాకా సాగాయి. ఆ మరుసటి ఏడాది ఎన్నికల్లో నల్లగొండ ఓటర్లు ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసి చెప్పాల్సింది ఢిల్లీకి చెప్పారు. వారి తీర్పు పంపినవారి మీద. ఆ తర్వాత అవే పల్లెల నుంచి కుర్రాళ్లు సైన్యంలో చేరారు. ఊరు వారిని తప్పుపట్టలేదు.

ఇక సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారిగా 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మరో 19 మందితో పాటు ప్రాణాలొదిలారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయన కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. మిగతా 19 కుటుంబాలు ఇతర రాష్ట్రాలవైనా 10 లక్షల చొప్పున ప్రకటించింది. కేంద్రం మహావీర చక్ర ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో విగ్రహం వెలిసింది. మాటతో సరిపెట్టకుండా చేతల్లో చూపిన కృతజ్ఞత ఇది, మెచ్చుకోవాల్సిందే. కానీ ఇది ఆనాటి ముఖ్యమంత్రి నిర్ణయం, ప్రతి కుటుంబానికీ దక్కే హక్కు కాదు. దేశం ఊపిరి బిగపట్టి చూసిన మరణానికి ఒక లెక్క, డ్యూటీలో జబ్బు చేసి పోయిన సిపాయికి ఇంకో లెక్క. పైగా గల్వాన్‌పై రక్షణ మంత్రి 2020 సెప్టెంబరులో లోక్‌సభలో ప్రకటన చేశారే గానీ, ప్రతిపక్షాలు కోరిన చర్చ అక్కడ జరగలేదు. చర్చ అడిగినవారికి సైన్యాన్ని అవమానిస్తున్నారన్న నింద మిగిలింది. పూలదండ పేరు చెప్పి నోరు మూయించడమంటే ఇదే.

బతికి తిరిగొచ్చినవారి సంగతి ఇంకొకటి. సిపాయిగా చేరినవాడు చాలాసార్లు నలభై దాటకముందే రిటైరవుతాడు. పిల్లల చదువులు అప్పుడే మొదలవుతాయి, రెండో ఉద్యోగం తప్పదు. మా జిల్లాలో ఒక బ్యాంకు గుమ్మంలో నాకు తరచూ కనిపించే కాపలాదారు సైన్యంలో నాయక్ హోదాలో రిటైరైనవాడు. చేతిలో డబుల్ బ్యారెల్ తుపాకీ, అద్దంలా మెరిసే బూట్లు. ఖాతాదారులు అతన్ని డిపాజిట్ ఫారం ఎక్కడుందో, సారు భోజనానికి వెళ్లారో లేదో అడుగుతారు. చదువురాని ముసలమ్మలకు విత్‌డ్రా ఫారాలు నింపేదీ అతనే. ఆగస్టు 15న పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతారు. కృతజ్ఞతల మాట ఎత్తితే నవ్వేశాడు. తన సర్వీసు రికార్డులో భార్య పేరుకూ ఆధార్‌లో పేరుకూ ఒక అక్షరం తేడా ఉందట. సరిచేయమని రికార్డ్ ఆఫీసుకు పంపిన కాగితం తిరిగొచ్చిందట. ‘రేపు నాకేమైనా అయితే ఫ్యామిలీ పెన్షన్ ఆ అక్షరం దగ్గరే ఆగిపోతుంది సార్, ఎవరైనా తెలిసినవాళ్లుంటే చెప్పండి’ అన్నాడు.

భూముల గొడవ సరేసరి. మాజీ సైనికుడికి అసైన్ చేసిన భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకునే వీలు నిబంధనల్లో ఉంది. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు చేయకూడని భూముల నిషేధిత జాబితాలో పడితే మాత్రం డిశ్చార్జి బుక్కు, పాత పహాణీ నకళ్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తహసీల్దారు కార్యాలయానికీ కలెక్టరేట్‌కూ తిరగాలి. భూ రికార్డుల పోర్టల్ ధరణి కాలంలో ఇది మరీ ముదిరింది. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం నాడు చందా వేసి జేబుకు చిన్న జెండా గుచ్చుకున్న అధికారే ఆ కవరు చూసి ‘వచ్చే వారం రండి’ అంటే ఆ జెండాకు విలువేముంది? ఇటువైపు తప్పు లేదని కూడా అనను. విజయవాడ రహదారి మీద టోల్‌గేట్ల దగ్గర పాత కార్డు చూపించి వాదనకు దిగే మాజీలను చూశాను. ఆ మినహాయింపు విధుల్లో ఉన్నవారికే. టోల్‌బూత్‌లో రాత్రంతా పొగ పీల్చే కుర్రాడి మీద కోప్పడితే వచ్చేది గౌరవం కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష దగ్గరపడింది. 2022 జూన్‌లో నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించిన మూడు రోజులకే నిరసనల్లో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ మండింది, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. ఆ పథకంలో చేరిన తొలి బ్యాచ్‌లకు 2026 చివర, 2027 మొదట్లో నాలుగేళ్లు నిండుతాయి. నూటికి 25 మంది వరకే సైన్యంలో ఉంటారు. మిగతావారు సుమారు 11.71 లక్షల సేవా నిధితో ఇంటికొస్తారు. అందులో సగం వారి జీతంలోంచి కోసిన సొమ్మే. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో మిర్యాలగూడలోనో కల్వకుర్తిలోనో బస్సు దిగే ఆ కుర్రాడికి శాలువా కప్పడానికి నాయకులకు పది నిమిషాలు చాలు. ఈ జిల్లాల నుంచి ఎందరు వెళ్లారు, ఎందరు తిరిగొస్తున్నారు, వారి కోసం ఏ ఉద్యోగాలు అనుకుంటున్నారు అన్న జాబితా కలెక్టర్ దగ్గర సిద్ధంగా ఉందా అని మన ఎమ్మెల్యేలను, ఎంపీలను ఇప్పుడే అడగాలి. శాలువా కప్పే రోజున అడిగితే ఆలస్యమవుతుంది.