గౌరవనీయులైన స్లాబు గారికి

మహారాజశ్రీ ప్లాస్టిక్ స్లాబు గారికి, న్యూజెర్సీ నుంచి ఒక బేస్‌బాల్ కార్డుల పిచ్చోడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. మీరు వంగరు, తడవరు, ముసలివారవరు. కాబట్టి మీ క్షేమం అడగను.

'గారు' ఇక్కడితో సరి. మూడేళ్లుగా నా జీతం తింటున్నావు, ఇక నువ్వు అనే అంటాను.

ముందు నీ పేరు తెచ్చిన తంటా చెప్పాలి. ఆ మధ్య టంగుటూరు దగ్గర మా ఊరి నుంచి నాన్న ఫోన్ చేస్తే, మాటల్లో "స్లాబుకు పంపాను నాన్నా, రెండు నెలలైనా రాలేదు" అనేశాను. ఆయన కంగారుపడి, "స్లాబు పోసేటప్పుడు దగ్గరుండి చూసుకోవద్దా? సిమెంటు తగ్గించి కలుపుతారు. నీళ్లన్నా కడుతున్నారా లేదా?" అని అడిగాడు. ఇల్లు కాదు, బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ ఉన్న అట్టముక్క అని చెప్పాల్సి వచ్చింది. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర పొడవు. దాన్ని ఇన్సూరెన్సు కట్టి పోస్టులో పంపితే, మొహం తెలియని వాళ్లెవరో భూతద్దంతో మూలలు చూసి, పదికి ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో శాశ్వతంగా మూసి తిరిగి పంపుతారు. ఆ పెట్టె పేరే స్లాబు.

"దానికి వాళ్లెంతిస్తారు?"

"వాళ్లివ్వరు నాన్నా. మనమే ఇవ్వాలి."

అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నా. "సరేలే, మా బేళ్లకు గ్రేడు వేసినట్టేగా" అన్నాడు చివరికి.

నాన్న నలభై ఏళ్లు పొగాకు పండించినవాడు. బ్రైట్, మీడియం, లో గ్రేడ్ అనే మాటలు మా ఇంట్లో ఉప్పు, పప్పు లాంటివి. వేలంలో ఎవరూ పాడని బేలు 'నోబిడ్' అయి ఇంటికి తిరిగొచ్చిన రోజు ఎవరూ సరిగా అన్నం తినేవాళ్లు కాదు. "పొద్దున బ్రైట్ అన్న ఆకే మార్కెట్ పడితే సాయంత్రానికి మీడియం అవుద్దిరా" అనేవాడు. అలాంటి ఇంట్లో పుట్టి, పదమూడు వేల కిలోమీటర్లు దాటొచ్చి, చేతులారా డబ్బు కట్టి గ్రేడు వేయించుకుంటున్నాను. చదువుకున్న ఫలం.

మరో సంగతి విను. నువ్వు మొన్న పుట్టినదానివి. నీ లోపల పడుకున్న అట్టముక్కల వంశం పొగాకు వంశమే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో సిగరెట్లు మెత్తటి కాగితం పొట్లాల్లో వచ్చేవి. నలిగిపోకుండా లోపల ఒక గట్టి అట్ట పెట్టేవాళ్లు. అట్ట ఎలాగూ ఉంది కదా అని దాని మీద ఆటగాళ్ల బొమ్మలు అచ్చేశారు. అంటే సిగరెట్టు నలగకుండా అట్ట. ఇప్పుడు అట్ట నలగకుండా నువ్వు. నీకు గీతలు పడకుండా పైన ఇంకో ప్లాస్టిక్ తొడుగు, అది నేను విడిగా కొన్నాను. "ఇంట్లో బంగారానికి లేదు ఈ భోగం" అని మా ఆవిడ అన్నప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. బంగారానికి హాల్‌మార్క్ ఉంటుంది, అంతే.

ఇక నీ నిజాయితీ సంగతి. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన కార్డుల్లో పిట్స్‌బర్గ్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ ఉన్నది మా లోకంలో కోహినూరు. ఆయన వద్దనడంతో అచ్చు ఆపేశారు. పిల్లలు సిగరెట్లు కొంటారని వద్దన్నాడని కొందరు, తనకు డబ్బివ్వలేదని వద్దన్నాడని కొందరు. (పొగాకు రైతు కొడుకుగా నేను రెండో కథవైపు.) వాటిలో ఒకదాన్ని 1991లో హాకీ వీరుడు వేన్ గ్రెట్‌స్కీ, ఇంకో ఆయన కలిసి 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నారు. నువ్వు దానికి 8 మార్కులిచ్చి లోపల పెట్టుకున్నావు. 2007 నాటికి దాని ధర 28 లక్షల డాలర్లకు చేరింది. ఆ కార్డును అంతకుముందు అమ్మిన వేలంపాటల వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఏం ఒప్పుకున్నాడు? అంచులు తానే కత్తిరించానని. అంచులు చూడటమే నీ ఉద్యోగం కదమ్మా!

పెద్దవాళ్ల గొడవ మనకెందుకు, నా కార్డు దగ్గరికి వస్తాను. 1989లో అప్పర్ డెక్ కంపెనీ వేసినది, ఒకటో నంబరు, కెన్ గ్రిఫీ జూనియర్ అనే ఆటగాడు పెద్ద జట్టులోకి వచ్చిన తొలి ఏడాది కార్డు. ఆదివారం సంతలో చెప్పుల డబ్బాలో దొరికింది. దీని గుట్టు కూడా చెబుతాను: ఫోటో తీసినప్పుడు ఆ కుర్రాడి నెత్తిన ఉన్నది కింది స్థాయి జట్టు శాన్ బెర్నార్డినో టోపీ. కంపెనీవాళ్లు దాని మీద రంగు పూసి సియాటిల్ మారినర్స్ టోపీ చేశారు. టోపీయే అబద్ధం. దానికి నువ్విచ్చేది 'అసలైనది' అని సర్టిఫికెట్.

మొదటిసారి పంపితే 8 వచ్చింది. ఎడమవైపు కింది మూల కాస్త మెత్తబడిందట. నిద్ర పట్టలేదు. మాలాంటివాళ్లు ఇలాంటప్పుడు ఏం చేస్తారో నీకు తెలుసు, నిన్ను పగలగొట్టి కార్డు బయటికి తీసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ పంపుతారు. ఇంటర్ మార్కులకు రీకౌంటింగ్ పెట్టుకున్నట్టు. పంపాను. 9 వచ్చింది! అదే కార్డు, అదే మూల. ఆశ పుట్టింది. మళ్లీ పగలగొట్టాను, మళ్లీ డబ్బు కట్టాను. 8. నాన్న మాట గుర్తొచ్చింది, సాయంత్రం మార్కెట్ పడిందేమో.

అసలు ఆ కార్డు అరుదైనదా అంటే కానే కాదు. ఆ కాలంలో కార్డులను కరపత్రాల్లా గుద్దిపారేశారు. జనం ఒక్కటీ పారేయకుండా దాచారు, పిల్లల చదువులకు పనికొస్తాయని. అందరూ దాచినదానికి ధర ఎక్కడిది? మిక్కీ మాంటిల్ అనే పాతకాలపు ఆటగాడి 1952 కార్డుకు ధర వచ్చిందంటే, అమ్ముడుపోని పెట్టెలను ఆ కార్డులు వేసిన టాప్స్ కంపెనీ ఉద్యోగి సై బెర్గర్ 1960లో పడవకెక్కించి అట్లాంటిక్‌లో కలిపేశాడు కాబట్టి. 2022లో ఒకటి కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. దానికీ తొమ్మిదిన్నరే ఇచ్చావు, ఆ అర మార్కు ఎవరికి దాచావో. మా గ్రిఫీలు మాత్రం సముద్రంలో పడలేదు, ఇంటింటా ఉన్నాయి. అందుకని కార్డు అరుదు కాకపోయినా, నీ నెత్తిన 10 అనే అంకె అరుదైంది. మేం కొంటున్నది అంకెను. ఆటగాడు దానికి ప్యాకింగు. 2021లో ఈ అంకెల కోసం జనం గుట్టలుగా కార్డులు పంపితే ఒక పెద్ద సంస్థ తట్టుకోలేక మార్చిలో చాలావరకు తీసుకోవడమే ఆపేసింది. నాన్నకు చెబితే, "క్రాప్ హాలిడే" అన్నాడు.

సిరక్యూస్‌లో జెఫర్సన్ బర్డిక్ అని ఒకాయన ఉండేవాడు. కార్డులకు మొదట పద్ధతిగా జాబితా రాసింది ఆయనే. కీళ్లవాతంతో చేతులు వంకర్లు పోయినా, మూడు లక్షలకు పైగా కార్డులను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో కూర్చుని ఆల్బమ్‌లలో అతికించాడు. జిగురుతో! వాగ్నర్‌ని కూడా. 1963 జనవరిలో పని ముగించాడు, రెండు నెలలకు పోయాడు. ఆయన కార్డులు నీ ముందుకొస్తే అన్నీ నోబిడ్లే.

మొన్న వేసవిలో నాన్న ఎడిసన్‌లో మా ఇంటికి వచ్చాడు. నిన్ను చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "వాసన రాదేంరా? చేత్తో పట్టకుండా, వాసన చూడకుండా గ్రేడు ఎట్టా వేస్తారు?" అన్నాడు. స్క్రూడ్రైవర్ తెచ్చాను. ఈసారి రీకౌంటింగ్ కోసం కాదు. కార్డును ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ఆకును చూసినట్టే మెల్లగా నొక్కి, వాసన చూసి, వెలుతురులో పెట్టాడు.

"కుర్రాడు భలే నవ్వుతున్నాడే. ఎవరబ్బాయి?"

మూలలు చూస్తూ మూడేళ్లు గడిపినవాణ్ని, ఆ నవ్వు సంగతి నాకు గుర్తే లేదు. వాళ్ల నాన్న కూడా ఆటగాడేనని, 1990లో తండ్రీకొడుకులు ఒకే జట్టులో ఆడారని, ఆ సెప్టెంబరు 14న వరసగా ఒకరి వెనక ఒకరు హోమ్ రన్ కొట్టారని చెప్పాను. క్రికెట్‌లో సిక్సర్ లాంటిదా అన్నాడు. అలాంటిదే అన్నాను.

"మరి తండ్రి కార్డేది?"

లేదు. గ్రేడు ఖర్చుకు కూడా సరిపోని కార్డని ఎన్నడూ కొనలేదు. ఆ మాట పైకి అనలేక, ఎక్కడో ఉందిలే అన్నాను. మరుసటి ఆదివారం సంతకు వెళ్లి వెతికి తెచ్చాను. డాలరు. రెండు మూలలు మెత్తబడ్డాయి, వెనక ఎవరో పిల్లాడు పెన్నుతో గీశాడు. తండ్రినీ కొడుకునూ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను.

ఇట్లు,
నీ పాత ఖాతాదారు

తా.క.: నీ ముక్కలన్నీ చెత్తలో వేశాను. 8 అంకె ఉన్న చీటీ ఒక్కటి పర్సులో ఉంది. మా ఆవిడకు చెప్పకు.