హైదరాబాద్ ఎఫ్‌సీ మారింది ఒగ్బెచె వల్లేనా?

"హైదరాబాద్ ఎఫ్‌సీని పైకి తెచ్చింది ఒగ్బెచె గోల్స్. మనోలో మార్కెజ్‌కి రోకా తయారుచేసిన టీమ్ చేతికొచ్చింది, అయినా మొదటి ఏడాది అన్నీ డ్రాలే, సెమీస్ కూడా చేరలేదు." ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్‌లో ఆడిన మన క్లబ్ గురించి ఈ మాట ఎప్పటినుంచో షేర్ అవుతూనే ఉంది. ఒగ్బెచె అంటే గోల్స్ కొట్టే స్ట్రైకర్, మనోలో 2020లో వచ్చిన కోచ్, రోకా ఆయనకి ముందున్న కోచ్. మన టీమ్‌ని ఇష్టపడేవాళ్లు కూడా నిజమే కదా అంటుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఒగ్బెచె సంగతి. టీమ్ మారింది 2020-21 సీజన్లో, అంటే మనోలో మొదటి ఏడాది. ఆ ఏడాది ఒగ్బెచె ఆడింది ముంబై సిటీకి! మనకి ఎక్కువ గోల్స్ కొట్టింది అరిదానే సంతానా, మొత్తం 10. ఒగ్బెచె ఆ తర్వాతి సీజన్లో వచ్చి 18 గోల్స్ కొట్టాడు, లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లకిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ అతను వచ్చేసరికే ఇది గెలవడం తెలిసిన టీమ్.

ఇక డ్రాల విషయం. 20 మ్యాచుల్లో 11 డ్రాలు, నిజమే. అంతకుముందు ఏడాది ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా: 2019-20లో 18 మ్యాచులకి రెండే గెలుపులు, 12 ఓటములు, 10 పాయింట్లతో అట్టడుగున, సీజన్ మధ్యలోనే కోచ్ ఫిల్ బ్రౌన్ ఔట్. ఆ ఏడాది మనం ఇచ్చుకున్న గోల్స్ 39. మనోలో వచ్చాక రెండు మ్యాచులు ఎక్కువ ఆడి కూడా ఇచ్చింది 19 మాత్రమే. ఓడింది మూడు మ్యాచులు, ఆ మూడూ డిసెంబరు చివర్లో వరుసగా. అప్పుడు ఎంత టెన్షన్ పడ్డామో, మళ్లీ పాత కథే అనుకున్నాం. జనవరి మొదట్లో చెన్నైయిన్‌ని 4-1తో కొట్టి, అక్కణ్నుంచి సీజన్ అయిపోయేదాకా 12 మ్యాచుల్లో ఒక్కటీ ఓడలేదు. చివరి మ్యాచ్‌లో గోవాని ఓడిస్తే సెమీస్, అది 0-0 అయింది, 29 పాయింట్లతో ఐదో స్థానంలో ఆగిపోయాం. అంతదాకా వచ్చి ఆగిపోయిన టీమ్‌ని పట్టుకుని "అన్నీ డ్రాలే" అని ఒక్క ముక్కలో తేల్చేయడం అన్యాయం.

రోకా గురించి అన్నదాంట్లో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. కొత్త సీజన్ కోసం పని మొదలుపెట్టింది ఆయనే. కానీ బార్సిలోనా పిలిస్తే 2020 ఆగస్టులో వెళ్లిపోయాడు, ఆ నెలాఖరున మనోలో వచ్చాడు, నవంబరులో సీజన్ మొదలు. కాగితం మీద పేర్లు ఉండటం వేరు, 19 ఏళ్ల ఆకాశ్ మిశ్రాని లెఫ్ట్ బ్యాక్‌లో పెట్టి, తప్పు చేసినా తీసేయకుండా మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఆడించడం వేరు. రైట్ బ్యాక్‌లో ఆశిష్ రాయ్, వింగ్‌లో లిస్టన్ కొలాసో, డిఫెన్స్ మధ్యలో చింగ్లెన్‌సనా... వీళ్లందరి మీదా నమ్మకం పెట్టింది మనోలోనే. 2021 మార్చిలో ఒమన్ మీద ఆకాశ్, చింగ్లెన్‌సనా ఇద్దరూ ఇండియా తరఫున మొదటి మ్యాచ్ ఆడారు. ఏడాది కిందట అట్టడుగున ఉన్న క్లబ్ నుంచి!

"ఖాళీ స్టేడియాల్లో ఆడారు కాబట్టి కలిసొచ్చింది" అని ఇంకో మాట. కోవిడ్ వల్ల లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది, అన్ని టీములకీ అదే బబుల్, బయటివాళ్లని కలవకుండా ఉండాల్సిందే. మనవాళ్లకైతే గచ్చిబౌలిలో సొంత జనం ముందు ఆడే అవకాశమే పోయింది.

2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్‌ఎల్ ఫైనల్ చూసినవాళ్లు గుర్తుచేసుకోండి. ఒగ్బెచె ఆ రోజు గోల్ కొట్టలేదు. 0-1తో వెనకబడి ఉన్నప్పుడు 88వ నిమిషంలో సమం చేసింది బెంచ్ మీంచి వచ్చిన సాహిల్ తవోరా. షూటౌట్‌లో మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చింది గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. ఈ ఇద్దరూ 10 పాయింట్ల మొదటి సీజన్ టీమ్‌లోనూ ఉన్నవాళ్లే.